గేమింగ్ కంప్యూటర్‌కు ఒకదానితో ఒకటి కలిసే విడిభాగాలను ఎంచుకోవడం

విడిభాగాలు కొని ఇంట్లోనే గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలనుకునేవారు సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు ధర దగ్గర లెక్క మొదలుపెడతారు. డబ్బు సర్దుకోవడానికి అది సరైన పద్ధతే. అయితే ఏ భాగం దేనితో కలుస్తుందో తేల్చేది మాత్రం మదర్‌బోర్డు. కాబట్టి ప్రాసెసర్, బోర్డు ఈ రెండింటి జతను ముందు ఖాయం చేసుకుని, మిగిలినవన్నీ దానికి అనుగుణంగా చూసుకోవాలి. ఇక్కడ ఉదాహరణగా ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 బోర్డు, ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటున్నాను.

ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. 7600కు ఏఎం5 సాకెట్ కావాలి. దానికి ముందుతరం రైజెన్‌లు ఏఎం4లో కూర్చుంటాయి. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700, ఆ తరువాత వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు ఎల్‌జీఏ 1851 సాకెట్ అవసరం. సాకెట్ కలిసినంత మాత్రాన పని పూర్తికాదు. బోర్డులోని బయోస్, అంటే స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, ఆ ప్రాసెసర్‌ను గుర్తించగలగాలి. మా అన్నయ్య కొడుకు రెండేళ్ళుగా దాచుకున్న డబ్బుతో రైజెన్ 5 5600, దానితో పాటు ఒక దుకాణంలో మిగిలిపోయిన పాత స్టాకు బీ450 బోర్డు కొన్నాడు. రెండూ ఏఎం4వే. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెరమీద ఏమీ రాలేదు. రెండు రోజులు ర్యామ్ మార్చి, కేబుళ్ళు మార్చి, చివరికి కార్డే పాడయిందనుకుని వాడు పడిన బాధ నేను కళ్ళారా చూశాను. అసలు కారణం, ఆ బోర్డులోని బయోస్ 5000 వరుస ప్రాసెసర్లు రాకముందుది కావడమే. పాత ప్రాసెసర్ ఒకటి పెట్టి బయోస్ అప్‌డేట్ చేయగానే కంప్యూటర్ లేచింది.

అందువల్ల డబ్బు కట్టకముందే బోర్డు తయారీదారు సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి, మీ ప్రాసెసర్‌కు కనీసం ఏ బయోస్ వెర్షన్ కావాలో చూడాలి. బీ650 బోర్డు మీద 9000 వరుస రైజెన్ పెట్టేవారికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే బటన్ వెనుక భాగంలో ఉన్న బోర్డు దొరికితే, కొంచెం ఎక్కువ పెట్టయినా దాన్నే తీసుకోమని నా సలహా.

ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటాయి. ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి; పెట్టె మీద చదివి తీసుకోవాలి. రెండు రకాల ర్యామ్‌లనూ పక్కపక్కన పట్టుకుని చూస్తే ఒకే పొడవు, రెండింటికీ 288 పిన్నులే. కింది అంచున ఉన్న గంటు మాత్రం ఒకేచోట ఉండదు. గంటు కుదరకపోతే బలవంతంగా నొక్కకూడదు, స్లాటు విరుగుతుంది. ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు 16 జీబీ ముక్కలు తీసుకుని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాల పాటు తెరను నల్లగానే ఉంచవచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

గోడ కరెంటును భాగాలన్నిటికీ తగిన వోల్టేజీగా మార్చి అందించే ఎస్‌ఎంపీఎస్ విషయంలో పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. 4060 కార్డు 115 వాట్లు, 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్ల వరకు తీసుకుంటాయి. ఈ కార్డుకు ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. కేబినెట్‌తో పాటు చవకగా ఇచ్చే వాటి మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. అసలు బలం చాలావరకు అదే. ప్రాసెసర్‌కు వెళ్ళే ఎనిమిది పిన్నుల ప్లగ్గు రెండు నాలుగులుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట మరొకటి పెట్టకూడదు. కేబుళ్ళు ఊడదీసే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే, పాతదాని కేబుళ్ళు కొత్తదానికి వాడవద్దు. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపల తీగల వరుస వేరుగా ఉండి, డేటా దాచే ఎస్‌ఎస్‌డీనో బోర్డునో కాల్చివేయవచ్చు.

కేబినెట్ కొనేటప్పుడు మూడు కొలతలు చాలు: బోర్డు సైజు, కార్డు పొడవు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు. మూడు ఫ్యాన్ల కార్డులు 300 మిల్లీమీటర్లు దాటడం మామూలే. నీటితో చల్లబరిచే రకం కూలర్ రేడియేటర్‌ను ముందువైపు బిగిస్తే, దాని ఫ్యాన్‌తో కలిపి ఐదు సెంటీమీటర్లకు పైగా చోటు పోతుంది. 7600తో పాటు కూలర్ పెట్టెలోనే వస్తుంది. విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఏసీ లేని గదిలో ఆడేవారు దానికి బదులు పెద్ద టవర్ కూలర్ తీసుకుంటే మంచిది. అవి 155 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి కనుక కేబినెట్ లోపలి వెడల్పు చూసుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న యూపీఎస్‌ను కూడా ఈ లెక్కలో చేర్చండి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. పైన చెప్పిన జతకు, మానిటర్‌తో కలిపి, అది అంచుల్లో సరిపోతుంది. 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070 పెడితే మాత్రం ఆట మధ్యలో కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా ఆగిపోవచ్చు. కేబినెట్‌ను తాకినప్పుడు వేళ్ళు జివ్వుమంటే గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాలి.

భాగాలన్నీ చేతికి వచ్చాక వెంటనే కేబినెట్‌లో బిగించకండి. బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే కలపండి. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి మానిటర్ కేబుల్‌ను బోర్డుకే తగిలించవచ్చు. బయోస్ తెర కనబడి, అందులో ప్రాసెసర్ పేరు, ర్యామ్ పరిమాణం సరిగ్గా చూపిస్తే, స్విచ్ ఆపి రెండో ర్యామ్, ఆ తరువాత గ్రాఫిక్స్ కార్డు కలపండి. ఏ దశలో తెర ఆగిపోతే అప్పుడు కలిపిన భాగాన్నే ముందు అనుమానించాలి. దుకాణం మార్పిడికి ఇచ్చిన గడువు లోపలే ఈ పరీక్ష పూర్తిచేసి, అంతవరకు పెట్టెలను, బిల్లులను పారేయకుండా ఉంచుకోండి.