స్టీరింగ్ మీద కునుకు పడుతోందా? ముందు గురక సంగతి చూడండి

గుంటూరు మిర్చి యార్డులో పని ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బయల్దేరాను. పెదకాకాని దాటింది గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కాజ టోల్‌ప్లాజా లైన్లో వెనక లారీ కొట్టిన హారన్. నా ముందున్న బండ్లన్నీ వెళ్లిపోయాయి, నేను బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో కారు ఎలా నడిపానో ఇప్పటికీ తెలియదు. ముందు రోజు రాత్రి శుభ్రంగా ఎనిమిది గంటలు పడుకున్నాను. మందు అలవాటు లేదు, ఒంట్లో జ్వరం లేదు.

ఇది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు అని తేలడానికి ఆ తర్వాత ఏడు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదని, ఏ లక్షణానికి ఏం చూడాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

సమస్య: ఇప్పుడే, రోడ్డు మీదే నిద్ర ముంచుకొస్తోంది

ఆవలింతల మీద ఆవలింతలు. తల ముందుకు వాలి ఉలిక్కిపడడం. బండి తెల్ల గీత మీదికి వెళ్తుంటే సర్దుకోవడం. తిరగాల్సిన మలుపు దాటి వెళ్లిపోవడం. దాటిన ఊరు గుర్తు లేకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా మీరు అప్పటికే కునికి ఉండొచ్చు. ఈ కునుకులు సెకన్లలో ఉంటాయి, కళ్లు తెరిచే ఉండొచ్చు కూడా. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు 90 మీటర్లు ఆ బండికి డ్రైవర్ లేడు.

చేయాల్సింది ఒకటే, ఆపడం. హైవే పక్కన మార్జిన్లో కాదు, వెనకొచ్చేవాడు కూడా కునుకుతూ ఉండొచ్చు. పెట్రోలు బంకులోకో డాబా ముందుకో వెళ్లి ఆపండి. పక్కన నడిపేవాళ్లుంటే తాళం ఇచ్చేయండి. లేకపోతే ఒక స్ట్రాంగ్ కాఫీ తాగి, వెంటనే సీటు వెనక్కి వాల్చి, ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ పని మొదలుపెట్టడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి తాగాకే పడుకోవాలి. లేచాక కాస్త అటూ ఇటూ నడిచి, మొహం కడుక్కుని, తేరుకున్నాకే ఎక్కండి. ఇదంతా మిమ్మల్ని దగ్గర్లో ఉన్న ఇంటికి చేర్చడానికే, హైదరాబాద్ చేర్చడానికి కాదు.

ఏసీ పెంచడం, అద్దం దించడం, పాటల సౌండు పెంచడం, ఫోన్లో ఎవరితోనో మాట్లాడడం నేను అన్నీ చేశాను. రెండు మూడు నిమిషాలు బాగుంటుంది, మళ్లీ మామూలే. పచ్చిమిరపకాయ కొరుకుతూ నడిపే డ్రైవర్ని కూడా చూశాను. గుంటూరు మిర్చి కదా, కళ్లలో నీళ్లు తిరిగాయి. నిద్ర మాత్రం పోలేదు.

సమస్య: మధ్యాహ్నం అన్నం తిన్నాకే ఇలా ఉంటోంది, అందరికీ ఉండేదేగా

మధ్యాహ్నం కాస్త మగత ఎవరికైనా ఉంటుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఇంకా ఎక్కువ. అయితే నిద్ర సరిపోయినవాడికి ఆ టైములో పడుకుంటే బాగుండు అనిపిస్తుంది అంతే, స్టీరింగ్ పట్టుకుని నిద్రపోడు. తేడా అక్కడుంది.

దీన్ని కొలవడానికి డాక్టర్లు ఎప్‌వర్త్ స్కేల్ వాడతారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాలు చెప్పి కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోమంటారు. మొత్తం పది దాటితే డాక్టర్ని కలవాలి. అందులో ఆఖరిది, ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగితే నిద్ర పడుతుందా అని. బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కున్న ప్రతిసారీ నాకు పట్టేది. నాకు పదిహేడు వచ్చింది.

జలుబు మాత్రలు వేసుకుంటున్నారేమో కూడా చూసుకోండి. సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ రెండూ మత్తు తెస్తాయి.

సమస్య: ఎన్ని గంటలు పడుకున్నా లేవగానే అలసట

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఒక రాత్రి మా ఆవిడ నా గురక ఫోన్లో రికార్డు చేసి పొద్దున్నే వినిపించింది. మొదట మామూలు గురక. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ మెల్లిగా ఒకటి, రెండు అని లెక్కపెట్టడం వినిపిస్తోంది. ఇరవై మూడు దగ్గర, నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా నేను గక్కుమని ఊపిరి పీల్చాను. మళ్లీ గురక. మళ్లీ నిశ్శబ్దం. "ఏవండీ, నేను రోజూ ఇలాగే లెక్కపెట్టుకుంటూ పడుకుంటున్నానండీ" అంది.

నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు కంగారుపడి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, నిద్ర పడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. లేచినట్టు మనకు తెలియదు. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఒకటిగా లెక్క. ఊపిరి బాగా తగ్గిపోయినవి కూడా కలిపి గంటకు ఎన్నో చూస్తారు. ఐదు లోపు మామూలు, 5 నుంచి 15 దాకా తేలిక, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాకు 41. ఆరు గంటల నిద్రలో 246 సార్లు. ఎనిమిది గంటలు పడుకున్నాను కదా అన్న నా వాదన అక్కడితో ఆగిపోయింది.

ఇంకా ఏం గమనించాలంటే, పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, షుగరు లేకపోయినా రాత్రి రెండు మూడు సార్లు బాత్రూమ్‌కి లేవడం, మాత్రలు వాడుతున్నా దిగని బీపీ, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత. లావుగా ఉన్నవాళ్లకు ఎక్కువ వస్తుంది కానీ చిన్న దవడ, పెద్ద టాన్సిల్స్ ఉన్న సన్నవాళ్లకూ వస్తుంది. ఆడవాళ్లకు రాదనుకోకండి. వాళ్లు గురక అని చెప్పరు, నీరసం, నిద్ర పట్టట్లేదు అంటారు. దాంతో మాట రక్తం తక్కువ మీదికి పోతుంది.

నేను మొదట చూపించుకున్న డాక్టరుగారు గురక గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. నిద్ర సరిగ్గా లేదని నిద్రమాత్ర రాశారు. కొన్ని నిద్రమాత్రలు, మద్యం గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి. నా విషయంలో ఆ నెల మరీ ఘోరం. అందుకే పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో వెళ్లి, "గురక ఉంది, ఊపిరి ఆగుతోంది, కారు నడుపుతూ నిద్రపోయాను" అని ఈ మూడూ ఒకే ఊపిరిలో చెప్పండి. పక్కన పడుకునే మనిషిని తీసుకెళ్లండి, ఫోన్ రికార్డింగ్ కూడా. స్లీప్ స్టడీ రాస్తారు. చాలామందికి ఇంట్లోనే అయిపోతుంది. వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్న గొట్టం పెట్టుకుని ఒక రాత్రి పడుకోవడమే.

సమస్య: రిపోర్టు, చికిత్సకు వాడే సీప్యాప్ మిషను వచ్చేదాకా బండి ఎలా?

నడపకండి. డ్రైవింగే బతుకుతెరువైనవాళ్లకు ఈ మాట ఎంత కష్టమో తెలుసు, అయినా వేరే మాట లేదు. విజయవాడ, గుంటూరు మధ్య బస్సులు, రైళ్లు ఉన్నాయి. తప్పనిసరైతే యాక్టింగ్ డ్రైవర్ని పెట్టుకోండి. నేను రెండు నెలలు అలాగే చేశాను. ట్రావెల్స్, లారీ ఓనర్లకు ఒక మాట. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం మామూలుగా రోజుకు ఎనిమిది గంటలే అనేది, ఐదు గంటలకు మించి ఏకధాటిగా నడిపించకుండా కనీసం అరగంట విరామం ఇమ్మనేది. గురకపెట్టే డ్రైవర్‌కి ఆ అరగంట కూడా చాలదు, పరీక్ష చేయించండి.

సమస్య: సీప్యాప్ పెట్టుకున్నా మగత పోవట్లేదు

సీప్యాప్ మాస్కులోంచి గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకోకుండా ఉంచుతుంది. నచ్చేది కాదు. మొదటి వారం మూడు రాత్రులు మాస్కు పీకి పక్కన పడేశాను.

ముందు మిషన్‌లో ఎన్ని గంటలు వాడారో చూడండి. నాలుగు గంటలు పెట్టుకుని తీసేస్తే మిగతా రాత్రంతా పాత కథే. బుస్సుమని గాలి లీకైతే మాస్కు సైజు మార్పించండి, పట్టీలు బిగించి మొహం మీద చారలు తెచ్చుకోవద్దు. నోరు తెరుచుకుంటుంటే నోరు, ముక్కు కప్పే మాస్కు అడగండి. గొంతు ఎండితే గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ పెట్టండి, అందులో డిస్టిల్డ్ వాటర్ పోయండి. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనుకే పెట్టుకోండి. ఒత్తిడి మీరే పెంచుకోకండి, ఆ పని డాక్టరుది. అన్నీ సరిగ్గా ఉండి, రాత్రంతా వాడుతూ కూడా మగత పోకపోతే థైరాయిడ్ లాంటి వేరే కారణాలు వెతకాలి.

తేలిక, మధ్యస్థం రకాలకు దవడను ముందుకు పట్టి ఉంచే సాధనం డెంటిస్టు చేసిస్తారు. కొందరికి పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం బాగా పనిచేస్తాయి. నేను తొమ్మిది కిలోలు తగ్గాను, అయినా మిషన్ మానమనలేదు.

సమస్య: మళ్లీ స్టీరింగ్ ఎప్పుడు పట్టుకోవాలి?

ఎప్‌వర్త్ మార్కులు పది లోపుకు దిగి, డాక్టరు సరే అన్నాక. నాకు ఆరు వచ్చింది. మొదట్లో పొద్దున పూట, మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మంగళగిరి దాకా వెళ్లొచ్చేవాణ్ణి. మిషన్ ఒక్క రాత్రి మానేసినా మర్నాడు మగత తిరిగొస్తుంది. తెనాలిలో బంధువుల పెళ్లికి మిషన్ మర్చిపోయి వెళ్లిన రోజు, తిరుగు ప్రయాణానికి యాక్టింగ్ డ్రైవర్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు లాడ్జి బుక్ చేసేటప్పుడు ఏసీ కంటే ముందు మంచం పక్కన ప్లగ్ పాయింటు ఉందా అని అడుగుతాను. డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎప్పుడూ ఉంటుంది.