పాఠ్యపుస్తకం ఇంగ్లీషు, 6వ పాఠం: ‘వాజ్’ ఎక్కడ పెట్టకూడదు

ఈ వారం గ్రాఫులు, పట్టికలు చదవడం చెప్పాలి. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. మీరు పంపిన అభ్యాసాలు చూశాక ముందు ఐదో పాఠాన్నే, అంటే ‘వాజ్’, ‘వర్’ పెట్టి చేసినవాళ్ల పేరు లేకుండా వాక్యం రాయడాన్నే, చక్కబెట్టాలనిపించింది.

‘1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు’ అని తెలుగులో కర్త లేకుండా అనేస్తాం. ఇంగ్లీషులో అది ‘ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852’. సోషల్, సైన్సు పుస్తకాల నిండా ఇలాంటివే. ఇది మీకు బాగానే పట్టుబడింది. ఆ ఊపులో కనిపించిన ప్రతి క్రియకూ ‘వాజ్’ తగిలించారు: ‘ది ఫ్లడ్ వాజ్ కేమ్’, ‘రెయిన్ వాజ్ ఫెల్’, ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’. ఈ మూడోది పెద్దవాళ్ల అర్జీల్లో కూడా చూస్తుంటాను, చూసినప్పుడల్లా చిరాకేస్తుంది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

క్రియను తెలుగులో అనుకుని ‘దేన్ని? ఎవరిని?’ అని అడగండి. లాకుల దగ్గర నీళ్లు వదిలారు. దేన్ని? నీళ్లని. జవాబు దొరికింది, కాబట్టి ‘వాటర్ వాజ్ రిలీజ్డ్’. చేను ఊడ్చారు, అంటే నాట్లు వేశారు. దేన్ని? చేనుని. ‘ది ఫీల్డ్ వాజ్ ప్లాంటెడ్’. గోదావరి లంకల్లో జనాన్ని ఖాళీ చేయించారు. ఎవరిని? జనాన్ని. ‘ది పీపుల్ వర్ ఎవాక్యుయేటెడ్’. ఇప్పుడు, గోదావరికి వరద వచ్చింది. దేన్ని వచ్చింది? ఆ ప్రశ్నే నోటికి ఎబ్బెట్టుగా ఉంది కదా. అయితే ‘వాజ్’ లేదు: ‘ది ఫ్లడ్ కేమ్’. నీటిమట్టం పెరిగింది: ‘ది వాటర్ లెవెల్ రోజ్’. ప్రమాదం జరిగింది: ‘యాన్ యాక్సిడెంట్ హాపెన్డ్’. ‘హాపెన్డ్’ ముందు ‘వాజ్’ ఎప్పటికీ రాదు.

‘వాజ్ కమింగ్’ వేరే సంగతి, మూడో పాఠంలో అయిపోయింది.

కొన్నిచోట్ల ఈ ప్రశ్న పనిచేయదు. ‘చేలు మునిగాయి’కి ‘దేన్ని’ కుదరదు, అయినా పుస్తకంలో ‘ది ఫీల్డ్స్ వర్ సబ్‌మర్జ్‌డ్’ అనే ఉంటుంది. అలాంటిది తగిలినప్పుడల్లా వాక్యం మొత్తం నోట్సులో ఎక్కించుకోండి.

పని ఎవరు చేశారో చెప్పే ‘బై’ని నేనైతే చాలాసార్లు కొట్టేస్తాను. చేను ఊడ్చింది కూలీలేనని అందరికీ తెలుసు. ఆనకట్ట రూపకల్పన గురించి రాసేటప్పుడు మాత్రం ‘బై ఆర్థర్ కాటన్’ ఉండాలి.

అభ్యాసం: మీ రెండు భాషల సోషల్ పుస్తకంలో తెలుగు పేజీలు కాగితంతో మూసేసి, ఒక పాఠం మొత్తం ఇంగ్లీషులో చదవండి. వాజ్, వర్ తర్వాత వీ-త్రీ (క్రియ మూడో రూపం, ‘కంప్లీటెడ్’ లాంటిది) ఉన్న ప్రతి వాక్యానికీ ‘దేన్ని’ వేసి, జవాబు పక్కనే రాయండి. తర్వాత మీ ఊరి కాలువకు నీళ్లు కట్టేసిన రోజు నుంచి సార్వా (ఖరీఫ్) నీళ్లు వచ్చేదాకా ఏం జరిగిందో పన్నెండు వాక్యాలు రాయండి. ఆరింటిలో ‘వాజ్’ గానీ ‘వర్’ గానీ ఉండాలి, ఆరింటిలో ఉండకూడదు. గైడు తెరవొద్దు.