రాచిప్ప కొనేటప్పుడూ, పొయ్యి మీద పెట్టేటప్పుడూ

తిరుపతిలోనో చిత్తూరులోనో పప్పుపులుసుకని కొత్త రాచిప్ప (బలపపు రాతితో చెక్కిన వంటపాత్ర) కొనేవారు ముందుగా దాని అడుగున ఒక మూల చాకుమొనతో చిన్నగా గీసి చూడాలి. వేళ్ల మధ్య నున్నగా జారే తెల్లటి పొడి రాలితే అది బలపపు రాయే; గరగరలాడితే వేరే రాయి. ఈ రాయిలోని ముఖ్య ఖనిజమైన టాల్క్ కాఠిన్యం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు సూచించే మోస్ కొలమానంలో 1 మాత్రమే. దాని పొరల లోపల సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధాలతో గట్టిగా అల్లుకుని ఉన్నప్పటికీ, విద్యుదావేశం లేని ఆ పొరలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి వాండర్ వాల్స్ బలాలనే బలహీనమైన ఆకర్షణలే కనుక, కొద్దిపాటి ఒత్తిడికే అవి జారిపోతాయి. ఉలికి అంత తేలిగ్గా లొంగేదీ, స్టీలు పీచుకు అరిగిపోయేదీ అందువల్లే. తోమడానికి కొబ్బరిపీచే వాడండి. లోపలి బంధాలు దృఢమైనవి కావడంతో చింతపండు పులుపు టాల్క్‌ను కరిగించలేదు. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చే గుణం అదే. అయితే రాయి లోహంలా సాగదు. ఒకచోట వ్యాకోచించి పక్కన వ్యాకోచించకపోతే పగులుతుంది. కాబట్టి కొత్తదాన్ని కొన్ని రోజులు గంజిలో నానబెట్టి, నూనె, పసుపు రాసి ఆరనిచ్చి, మొదట సన్నసెగ మీదే వేడెక్కించండి. వేడిగా ఉండగా చన్నీళ్లు పోయవద్దు.