చలికాలం తోటపని: ముందు కర్ర, తర్వాతే చెయ్యి

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కింటావిడ తోటలో ఎండుటాకుల కుప్ప ఎత్తుతుంటే పాము కరిచింది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు కాబట్టి ప్రాణాపాయం తప్పింది. చేతి వాపు మాత్రం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ కుప్ప ఆవిడ తన చేతులతో పోగేసిందే. మూడు వారాలుగా రోజూ దాని పక్కనుంచే నడుస్తోంది. అందుకే అనుమానం రాలేదు.

చలికాలంలో నీళ్ళు తగ్గించాలనీ, చలికి ఆగని మొక్కల్ని లోపల పెట్టుకోవాలనీ మీకు తెలిసిందే. దాని గురించి రాయడం లేదు. ఇన్నేళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ చూసిన తప్పు ఒక్కటే. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టడం.

"చలికి పాములు బయటికి రావులే" అనే ధైర్యమే మనల్ని ముంచుతోంది. పాము ఒంటి వేడి దాని చుట్టూ ఉన్న వేడిని బట్టి ఉంటుంది. చలి ముదిరితే అది తిరగడం తగ్గించి, వెచ్చటి చోటు చూసుకుని కదలకుండా పడుంటుంది. తోటలో ఆ వెచ్చటి చోటు మనమే చేసి పెడుతున్నాం. కంపోస్టు కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవుల వల్ల వేడి పుడుతుంది. బాగా కుళ్ళుతున్న పెద్ద కుప్ప మధ్యలో అది 55, 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ మధ్యలో పాము ఉండలేదు గానీ అంచులు మాత్రం గోరువెచ్చగా ఉంటాయి. మనం చెయ్యి పెట్టేది ఆ అంచుల్లోనే. వేరే రోజుల్లో అడుగుల అదురుకే జారుకునే పాము, చలికి ఒళ్ళు మందగించి తప్పుకోలేదు. కరవడం మాత్రం కరుస్తుంది.

అందుకే ముందు కర్ర, తర్వాత చెయ్యి. పొడవాటి కర్రతో పైపొర నుంచి కొంచెం కొంచెంగా పక్కకి లాగండి. కుప్పలోకి గుచ్చకండి, లోపల కప్పో తొండో తలదాచుకుని ఉంటుంది. ఎండెక్కాకే మొదలుపెట్టండి. మందపాటి గ్లౌజులు, పొడుగు బూట్లు వేసుకోండి. గ్లౌజులున్నాయి కదా అని కర్ర మానేయకండి, గ్లౌజు కోరల్ని పూర్తిగా ఆపలేదు.

ఈ భయంతో కొందరు కుప్పకి నిప్పు పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కప్పలు, సీతాకోకచిలుకల ప్యూపాలు, అక్షింతల పురుగులు చలికాలం దాటించేది ఆ ఆకుల కిందే. చిగుళ్ళ రసం పీల్చే పేనుబంకను అక్షింతల పురుగు తింటుంది. ఇప్పుడు దాన్ని కాల్చేసి, కొత్త చిగుళ్ళకి పేనుబంక పట్టాక మందు కొట్టి ఏం లాభం? ఇంటికీ, నడిచే దారికీ దూరంగా ఒక మూల ఆకుల్ని వదిలేయండి. ఆ మూలని చలి పోయేదాకా ముట్టుకోకండి.

కుండీ జరపాలంటే అవతలి అంచుని మీ వైపు లేపండి. కింద ఏదైనా ఉంటే అది అవతలికి పోతుంది, మధ్యలో కుండీ అడ్డుంటుంది. అడుగున వేళ్ళు దూర్చకండి.

బయట వదిలిన బూట్లు, గ్లౌజులు బోర్లించి దులపండి. తేలు ఉండొచ్చు.

రాత్రి మొక్కల మీద కప్పిన గుడ్డని పొద్దున కర్రతో తట్టి, అప్పుడు తీయండి.

వాడని వలలు చుట్టి లోపల పెట్టండి. పక్షులు, పాములు చిక్కుకుని చస్తాయి. చిక్కిన పాముని మీరు విడిపించబోకండి, పాములు పట్టడం తెలిసినవాళ్ళని పిలవండి.

ఎలుకల మందు పెట్టకండి. విషం తిన్న ఎలుకని తిని గుడ్లగూబా చావొచ్చు.

చీకటి పడ్డాక కుప్ప జోలికి పోవద్దు.

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేయండి. చెయ్యి కదలకుండా ఉంచండి. పాము వెంట పడొద్దు. నాటుమందు కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు, విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది.

పిల్లలకి ఈ రోజే చెప్పండి. బంతి ఆకుల్లో పడితే చెయ్యి పెట్టకుండా మిమ్మల్ని పిలవాలి. మీరు వెళ్ళినా ముందు కర్రే.