డిప్రెషన్ మాత్రలు ఆపాలనుకుంటే ఎలా తగ్గించుకోవాలి

మొదటిసారి నేను మాత్రలు ఆపింది ఇంట్లో పెళ్లి హడావిడిలో. స్ట్రిప్ అయిపోయింది, మందుల షాపుకి వెళ్లే తీరిక లేదు, మూడేళ్ల నుంచి వేసుకుంటున్నాను, మనసు కూడా బాగానే ఉంది, ఇక చాల్లే అనుకున్నాను. మూడో రోజు పొద్దున లేచి తల పక్కకి తిప్పగానే లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. సాయంత్రానికి నడుస్తుంటే నేల ఊగుతున్నట్టుంది. వారం తిరిగేసరికి నిద్ర లేదు, చిన్న మాటకే ఏడుపు, పిల్లల మీద అరుపులు. ఇంట్లో అందరూ జబ్బు తిరగబెట్టిందన్నారు. చూపించుకున్న డాక్టర్ కూడా అదే అని డోసు పెంచి పంపించారు. నేనూ నమ్మాను. అది జబ్బు కాదు, మాత్ర ఒక్కసారిగా మానేయడం వల్ల వచ్చిన బాధ అని అర్థం కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. రెండోసారి వేరే డాక్టర్ సాయంతో పదకొండు నెలలు తీసుకుని ఆపాను. ఈ రెండుసార్ల మధ్య తెలుసుకున్నవి, చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇది ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్, ఆందోళన మాత్రలు వాడేవాళ్ల కోసం. బైపోలార్‌కి లిథియం, వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లు, స్కిజోఫ్రీనియాకి మందులు వాడేవాళ్లు దీన్ని చూసి ఏదీ తగ్గించకండి. ఇంగ్లండ్‌లో రాడార్ అనే ట్రయల్‌లో సైకోసిస్ మందుల్ని, అంటే స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకి వాడేవాటిని, డాక్టర్ల పర్యవేక్షణలోనే మెల్లగా తగ్గించి చూశారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. తగ్గించినవాళ్లలో జబ్బు తీవ్రంగా తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది, రోజువారీ జీవితంలో వాళ్లకి ఒరిగిన లాభం కూడా కనిపించలేదు. అది వేరే లెక్క. మరో సంగతి, గర్భం వచ్చిందని తెలియగానే భయపడి ఆ రోజే మాత్ర మానేసేవాళ్లు మన ఇళ్లలో చాలామంది. మానకముందే డాక్టర్‌తో మాట్లాడండి, ఫోన్‌లో అయినా సరే.

ఇప్పుడు అసలు ఆపొచ్చా లేదా అన్నది. బాగైన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం ఆరు నెలలైనా కొనసాగించమని మామూలుగా చెప్తారు. రెండు మూడుసార్లు వచ్చి పోయిన డిప్రెషన్ అయితే ఇంకా ఎక్కువ కాలం. 2021లో వచ్చిన యాంట్లర్ అనే ఇంగ్లండ్ ట్రయల్ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. దీర్ఘకాలం మందులు వాడుతూ, ఆపడానికి సిద్ధంగా ఉన్నామనుకున్న 478 మందిని తీసుకుని, సగం మందికి మందు కొనసాగించారు, సగం మందికి వాళ్లకి తెలియకుండా మెల్లగా ఉత్తుత్తి మాత్రకి మార్చారు. ఏడాదిలో డిప్రెషన్ తిరిగొచ్చినవాళ్లు, కొనసాగించినవాళ్లలో 39 శాతం, ఆపినవాళ్లలో 56 శాతం. నేను దీన్ని రెండు వైపుల నుంచీ చదువుకున్నాను. ఆపితే ముప్పు పెరుగుతుంది, అది నిజం. ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఏడాది పాటు తిరిగి రాలేదు, అదీ నిజం. మీరు ఏ వైపు ఉంటారో ముందే చెప్పగలిగే పరీక్ష లేదు, కాబట్టి మీ చరిత్రే చూసుకోవాలి. ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు ఎంత తీవ్రంగా వచ్చింది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా. వచ్చి ఉంటే నా మట్టుకు నేను కొనసాగించమనే అంటాను, అందులో తలవంపు ఏమీ లేదు, బీపీ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లని మనం ఏమైనా అంటున్నామా.

ఆపాలని తేల్చుకున్నారా, అయితే మొదటి పని స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవడం. బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు. మన దగ్గర ఎస్సిటలోప్రామ్, క్లోనాజెపామ్ రెండూ కలిపిన మాత్ర విపరీతంగా రాస్తారు, నాకు రాసిందీ అదే, మూడేళ్లు వేసుకున్నా అందులో రెండు మందులున్నాయని నాకు తెలియదు. క్లోనాజెపామ్ నిద్ర, ఆందోళన మాత్రల జాతికి చెందింది, శరీరం దానికి అలవాటు పడిపోతుంది, చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ఈ జాతి మందులన్నిటి మీదా ఈ హెచ్చరిక పెద్దగా ముద్రించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆదేశించింది. కాబట్టి మీది కలిపిన మాత్ర అయితే డాక్టర్‌ని అడగాల్సింది ఒకటే: "వీటిని విడివిడి మాత్రలుగా రాయండి, ఒకదాని తర్వాత ఒకటి తగ్గిద్దాం." రెండూ ఒకేసారి తగ్గిస్తే ఏ బాధ దేనివల్లో తెలియదు. క్లోనాజెపామ్ విషయంలో 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచన, 2 నుంచి 4 వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమని, రెండు వారాల్లో 25 శాతం ఎప్పుడూ దాటొద్దని. ఆ నెలల్లో నిద్ర పట్టడం లేదని మందు కొట్టడం మాత్రం వద్దు, ఈ మాత్రా ఆల్కహాలూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఇక డిప్రెషన్ మాత్ర సంగతి. ఆపితే అందరికీ బాధలు వస్తాయా అంటే, రావు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో 79 అధ్యయనాల్ని కలిపి చూసిన లెక్క ఒకటి వచ్చింది, మందు ఆపినవాళ్లలో దాదాపు 31 శాతం మందికి ఏదో ఒక బాధ కనిపించింది, ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలో కూడా 17 శాతం మందికి కనిపించింది. అంటే నిజంగా మందు ఆపడం వల్ల వచ్చినది సుమారు ఆరేడుగురిలో ఒకరికి, తీవ్రంగా వచ్చినది 35 మందిలో ఒకరికి. 2025లో జామా సైకియాట్రీలో ఇంకో విశ్లేషణ వచ్చింది, సగటున ఒక్క లక్షణమే ఎక్కువ కనిపిస్తోందని, అది ఎక్కువగా తలతిరుగుడని. దాని మీద పెద్ద గొడవ జరిగింది, ఎందుకంటే అందులో చాలా ట్రయల్స్‌లో జనం మందు వాడింది కొన్ని వారాలో కొన్ని నెలలో మాత్రమే. ఐదేళ్లు, పదేళ్లు వాడినవాళ్ల అనుభవం ఆ లెక్కలోకి సరిగా రాలేదన్నది విమర్శ, నాకు ఆ విమర్శ సరైనదే అనిపిస్తుంది. కానీ మీరు ఇంటర్నెట్‌లో భయంకరమైన కథలు చదివి వణికిపోతుంటే, ఎక్కువమందికి అంత జరగదని కూడా గుర్తుపెట్టుకోండి.

మందు పేరు బట్టి కూడా తేడా ఉంటుంది. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి, వాటితోనే ఇబ్బంది ఎక్కువ, వెన్లాఫాక్సిన్ వాడేవాళ్లకి ఒక పూట ఆలస్యమైతేనే తెలిసిపోతుంది. ఫ్లూఆక్సెటిన్ మాత్రం వారాల తరబడి మెల్లగా వెళ్తుంది, దానంతట అదే తగ్గించుకున్నట్టుంటుంది.

అందరూ తప్పు చేసేది చివరి దశలో. మామూలుగా 20 ఎంజీ నుంచి 10, 10 నుంచి 5, తర్వాత సున్నా, సమానంగానే తగ్గిస్తున్నాం కదా అనుకుంటాం. ఒంట్లో అలా జరగదు. 2019లో మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీలో ఒక వ్యాసం రాశారు. హోరోవిట్జ్ స్వయంగా ఈ మాత్రలు వాడి, ఆపబోయి ఇబ్బంది పడిన మనిషి. మెదడు స్కానింగ్ లెక్కల్ని తీసుకుని వాళ్లు చూపించింది ఇది: సిటలోప్రామ్ (ఎస్సిటలోప్రామ్‌కి దగ్గరి చుట్టమైన మందు) 40 ఎంజీ వేసుకుంటే అది పనిచేసే చోట్లలో సుమారు 86 శాతం పట్టుకుంటుంది, 20 ఎంజీకి తగ్గించినా 80 శాతం ఉంటుంది, 9 ఎంజీ దగ్గర కూడా 70 శాతం. 50 శాతానికి రావాలంటే మూడున్నర ఎంజీ దాకా దిగాలి, 20 శాతానికి రావాలంటే ఒక ఎంజీ కన్నా తక్కువ. అంటే పైన సగం కోసేసినా మెదడుకి పెద్దగా తెలియదు, కింద 5 నుంచి సున్నాకి వస్తే దాదాపు 60 శాతం ఒక్కరోజులో లాగేసినట్టు. మేడ దిగుతుంటే పై మెట్లన్నీ చిన్నవి, ఆఖరి మెట్టు మాత్రం నిలువెత్తు ఉన్నట్టు అన్నమాట. అందుకే చాలామంది "సగం చేసినప్పుడు ఏమీ కాలేదు, పూర్తిగా ఆపగానే ఇలా అయింది" అంటారు.

దీన్ని మన మందుల షాపులో దొరికే మాత్రలతో చేయడం కొంచెం తంటాలే. ఎస్సిటలోప్రామ్ 5, 10, 20 ఎంజీల్లో దొరుకుతుంది. నాకు డాక్టర్ వేసిన ప్లాన్: 10 నుంచి 7.5కి ఆరు వారాలు, అంటే ఒక 5 మాత్ర, ఇంకో 5లో సగం. తర్వాత 5, తర్వాత 5లో సగం. అక్కడే నేను రెండున్నర నెలలు ఆగాను. తర్వాత పావు, ఆ పావు ముక్క మీద ఇంకో రెండు నెలలకి పైనే. పావు ముక్కలు కత్తితో కోస్తే పొడైపోతాయి, మందుల షాపులో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతుంది, అది కొనుక్కోండి. ఇది నా ప్లాన్, మీది మీ మందుని బట్టి, వాడిన ఏళ్లని బట్టి వేరే ఉంటుంది. కొందరికి ఆరు వారాల్లో అయిపోతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఒకటి మాత్రం జాగ్రత్త: మెల్లగా విడుదలయ్యే రకం మాత్రలు, అంటే పేరు చివర ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉండేవి కోయకూడదు, నలపకూడదు, మందంతా ఒక్కసారిగా వదిలేస్తాయి. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, పరాక్సెటిన్ సీఆర్ వాడేవాళ్లు ఎలా తగ్గించాలో డాక్టర్‌నే అడగాలి, వేరే రూపంలోకి మార్చడమో, ఫ్లూఆక్సెటిన్‌కి మార్చి తగ్గించడమో ఏదో ఒక దారి ఉంటుంది.

రోజు విడిచి రోజు వేసుకోమని చాలామంది చెప్తారు. డాక్టర్లు కూడా. సులువుగా కనిపిస్తుంది కానీ ఎస్సిటలోప్రామ్, పరాక్సెటిన్ లాంటివాటికి ఇది మంచిది కాదు, వేసుకోని రోజు మందు సగానికి పైగా పడిపోతుంది, మర్నాడు మళ్లీ లేస్తుంది. ఒంటికి రోజూ ఉయ్యాల ఊగినట్టే. రోజూ వేసుకోండి, వేసుకునేది తగ్గించండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఫోన్‌లో అయినా ఫర్వాలేదు కానీ నాకు కాగితమే పనికొచ్చింది, డాక్టర్ ముందు పెట్టి చూపించడానికి. తేదీ, డోసు, నిద్ర ఎన్ని గంటలు, ఆ రోజు ఏమైనా తేడాగా ఉందా, రెండు ముక్కల్లో రాస్తే చాలు. ఇది ఎందుకంటే జబ్బు తిరగబెట్టిందా, మందు తగ్గించిన బాధా అన్నది తేల్చేది ఎక్కువగా తేదీలే. డోసు తగ్గించిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలైతే, అందులోనూ తలలో కరెంటు కొట్టినట్టు, తల తిరగడం, వికారం, ఫ్లూ వచ్చినట్టు ఒళ్లు నొప్పులు, విచిత్రమైన కలలు ఉంటే అది మందు తగ్గించిన బాధ అయ్యే అవకాశం ఎక్కువ, డిప్రెషన్‌లో తలలో కరెంటు కొట్టదు కదా. వారాలు, నెలలు గడిచాక మెల్లగా దిగులు కమ్ముకుంటూ, దేని మీదా ఆసక్తి లేకుండా, మీకు మొదట జబ్బు వచ్చినప్పటిలాగే ఉంటే అది తిరగబెట్టడం కావచ్చు. ఇంకో గుర్తు, పాత డోసు మళ్లీ వేసుకోగానే ఒకటి రెండు రోజుల్లో తేలికైతే అది మందు బాధ, డిప్రెషన్ అంత త్వరగా తగ్గదు. రెండూ కలిసిపోయి ఉండేవాళ్లూ ఉంటారు, ఏదో తేల్చుకోలేకపోతే మీలో మీరు నలిగిపోకుండా నోట్‌బుక్ తీసుకుని వెళ్లండి.

బాధ మొదలైతే ఏం చేయాలి? కొంచెమే అయితే అక్కడే ఆగండి, తగ్గించొద్దు, పెంచొద్దు, రెండు మూడు వారాలు చూడండి. భరించలేకపోతే చివరిసారి బాగున్న డోసుకి డాక్టర్‌కి చెప్పి తిరిగి వెళ్లండి, తర్వాత ఇంకా చిన్న మెట్లతో మొదలుపెట్టండి. నేను పావు ముక్క దగ్గర ఒకసారి వెనక్కి వెళ్లాను, ఆరోజు చాలా ఏడ్చాను, ఓడిపోయాననిపించింది. తర్వాత చూస్తే దానివల్ల పోయింది ఐదు వారాలు, అంతే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ప్లాన్ ఏదైనా పక్కన పెట్టేసి వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మొదలుపెట్టే నెల చూసుకోండి. పిల్లల పరీక్షలు, కాన్పు, ఇల్లు మారడం, ఉద్యోగం మారడం దగ్గర్లో ఉంటే వాయిదా వేయండి. ఇంట్లో కనీసం ఒకరికి ముందే చెప్పండి: "వచ్చే కొన్ని నెలలు నేను చిరాకు పడొచ్చు, మాట తూలితే నన్ను నిలదీయకు, ఆ తేదీ రాసిపెట్టు." మా అక్క అదే చేసింది, ఆమె రాసిన తేదీలు నావాటికన్నా పనికొచ్చాయి. విదేశాలకి వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందు తగ్గించడం మొదలుపెట్టొద్దు, మందు అయిపోయి అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఎదురుచూస్తూ బలవంతంగా ఆగిపోయిన పిల్లలు అమెరికాలో చాలామంది ఉంటారు. మందు అసలు పేరుతో రాసిన చీటీ వెంట ఉంచుకోండి. యూఏఈ లాంటి చోట్ల క్లోనాజెపామ్ తీసుకెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, చీటీ ఒక్కటే చాలదు.

మాత్ర తగ్గిస్తూ దాని స్థానంలో ఏదో ఒకటి నిలబెట్టుకోవడం కూడా పనిలో భాగమే. 2015లో లాన్సెట్‌లో ఒక ట్రయల్ వచ్చింది, 424 మందిలో సగం మంది మైండ్‌ఫుల్‌నెస్, అంటే మనసుని ఈ క్షణం మీద నిలపడం, ఆధారంగా ఉండే థెరపీ నేర్చుకుంటూ మందు తగ్గించుకున్నారు, మిగతా సగం మంది మందే కొనసాగించారు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టింది థెరపీ నేర్చుకున్నవాళ్లలో 44 శాతం మందికి, మందు కొనసాగించినవాళ్లలో 47 శాతం మందికి. అంటే దాదాపు సమానం. మన ఊళ్లలో అలాంటి థెరపీ దొరకడం కష్టమే, హైదరాబాద్, విశాఖలో అయినా ఫీజులు భారమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఎర్రగడ్డలో గానీ విశాఖ పెదవాల్తేరులో గానీ, సైకాలజిస్టులు ఉంటారు, అడిగి చూడండి, ఆ ఆసుపత్రుల పేరు చెప్తే జనం ఏదో అనుకుంటారని ఆగిపోకండి.

డాక్టర్ వినకపోతే? "ఆపాలనుకుంటున్నాను" అని కాకుండా "మెల్లగా తగ్గించే ప్లాన్ కావాలి, ఇదిగో నా నోట్‌బుక్" అనండి. అప్పుడు మాట వేరేగా సాగుతుంది. "జీవితాంతం వేసుకోవాల్సిందే" అంటే ఎందుకో అడగండి, నిజంగా కారణం ఉండొచ్చు. కారణం చెప్పకుండా కసురుకుంటే ఇంకొకరిని చూపించుకోండి, కానీ ఆ మధ్యలో మాత్ర మాత్రం మానకండి. ఆఖరి ముక్క కూడా ఆపేశాక నోట్‌బుక్ ఇంకో ఆరు నెలలు రాయండి, వారానికి ఒక లైన్ అయినా సరే. పాత చీటీలు పారేయకండి, వాటి మీద ఏ డోసు దగ్గర బాగున్నారో రాసుకుని ఒకే ఫైల్లో పెట్టుకోండి.