బడి గేటు దగ్గర సెల్‌ఫోన్లు: తీసుకోవడం, దాచడం, తిరిగివ్వడం

బడిలో పిల్లలకు సెల్‌ఫోన్ ఉండాలా వద్దా అని పేరెంట్స్ మీటింగులో అడిగితే గంటసేపు వాదన నడుస్తుంది, తేలేది ఉండదు. అక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. పొద్దున 8:45కి గేటు దాటిన ఫోన్ సాయంత్రం 4:15కి చెక్కుచెదరకుండా మళ్లీ అదే పిల్లాడి చేతికి ఎలా చేరుతుంది? దీనికి జవాబు లేకుండా 'సెల్‌ఫోన్లు నిషేధం' అని బోర్డు తగిలిస్తే ఫోన్లు రావడం ఆగదు, బ్యాగు అడుక్కీ సాక్సులోకీ పోతాయి.

క్లాసులో ఫోన్ వద్దనే విషయంలో మాకు రెండో మాట లేదు. ఒకసారి చెదిరిన దృష్టి మళ్లీ చదువు మీద కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో 2023 నివేదికలో ఉంది. 45 నిమిషాల పీరియడ్‌లో అది దాదాపు సగం. ఆ ఏడాది ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ పిల్లలు ఫోన్లు తేకూడదని, టీచర్లు కూడా క్లాసుకు వెళ్లేముందు తమ ఫోన్లు హెడ్మాస్టర్‌కి అప్పగించాలని ఆదేశాలిచ్చింది. 2025లో ఢిల్లీ హైకోర్టు మాత్రం ఒక విద్యార్థి కేసులో పూర్తి నిషేధం సరికాదంది. వీలైన చోట బడికి రాగానే ఫోన్లు డిపాజిట్ చేయించాలని, క్లాసులో వాడనివ్వొద్దని, బడి ఆవరణలోనూ స్కూలు బస్సులోనూ కెమెరా, రికార్డింగ్ వద్దని మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడ చెప్పే పద్ధతి ఆ దారిలోదే. ఆంధ్రప్రదేశ్‌లో బడి నడిపేవాళ్లు ముందు జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) ఆఫీసులో ఇప్పుడు ఏ ఉత్తర్వులు అమల్లో ఉన్నాయో కనుక్కుని, ఆ తర్వాతే అనుమతి పత్రాలు అచ్చు వేయించండి.

ఎవరికి అనుమతి

అడిగిన ప్రతివాళ్లకీ ఇస్తే పద్ధతి మొదటి వారంలోనే కూలిపోతుంది. ఆర్టీసీ బస్సులోనో షేర్ ఆటోలోనో ఒంటరిగా వచ్చేవాళ్లు, బడి అయ్యాక నేరుగా ట్యూషన్‌కి వెళ్లేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు చీకటి పడ్డాక గానీ రానివాళ్లు: ఈ మూడు కారణాలు చాలు. 8వ తరగతి లోపు పిల్లలకు కీప్యాడ్ ఫోన్‌కే అనుమతివ్వండి. దారిలో ఇంటికి ఫోన్ చేయడానికి అది సరిపోతుంది. పోయినా ఇంట్లో పెద్ద గొడవ జరగదు.

అనుమతి పత్రం ఒక్క పేజీ దాటక్కర్లేదు. పేరు, సెక్షన్, రోల్ నంబరు, ఫోన్ మోడల్, రంగు, వచ్చి వెళ్లే దారి, తల్లి లేదా తండ్రి సంతకం ఉండాలి. దాంతోపాటు *#06# నొక్కితే స్క్రీన్ మీద కనిపించే, ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌కే వేరుగా ఉండే ఐఎంఈఐ నంబరులో చివరి ఆరు అంకెలు రాయించండి. ఇవి ఎందుకో కాసేపట్లో చెబుతాం. అనుమతి ఆ ఒక్క విద్యా సంవత్సరానికే.

'పోతే బడికి బాధ్యత లేదు' అన్న లైను అందరూ వేస్తారు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఒకరి వస్తువును భద్రపరచడానికి తీసుకున్నవాళ్లు, మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టే దాన్నీ చూసుకోవాలని ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. స్టాఫ్ రూములో తాళం లేని బీరువాలో పడేసి ఆ లైను చూపిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు.

పెట్టె, సంచులు, టోకెన్లు

గోడకు వేలాడదీసే అరల సంచి చూడటానికి బాగుంటుంది. కానీ ఒక్కో ఫోన్ 200 గ్రాములనుకుంటే 40 ఫోన్లకు 8 కిలోలు. మామూలు మేకులు ఆ బరువుకు ఊడతాయి, పైగా ఆ అరల్లో ఫోన్లు రోజంతా పిల్లల కళ్లెదుటే ఉంటాయి. సెక్షన్‌కొక చిన్న రేకు ట్రంకు పెట్టె మేలు. రెండు తాళం చెవులు ఉండాలి, ఒకటి క్లాస్ టీచర్ దగ్గర, ఒకటి ఆఫీసులో.

ఫోన్లను నేరుగా పెట్టెలో వేస్తే స్క్రీన్లు గీసుకుపోతాయి, ఆ గీత ఎప్పుడు పడిందన్న పంచాయితీ మీ మెడకు చుట్టుకుంటుంది. టైలర్ దగ్గర మందపాటి గుడ్డతో 20 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పున జిప్పు సంచులు కుట్టించండి. కవరుతో ఉన్న పెద్ద ఫోన్ కూడా పడుతుంది. సంచి మీద రోల్ నంబరు పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. అదే నంబరున్న ప్లాస్టిక్ టోకెన్ పిల్లాడి దగ్గర ఉంటుంది. పొద్దున టోకెన్ చూపించి సంచి తీసుకుంటాడు, ఫోన్ ఉంచి ఇస్తాడు, సాయంత్రం టోకెన్ చూపించి ఫోన్ తీసుకుంటాడు.

పెట్టెలో ఛార్జింగ్ పెట్టడం, పవర్ బ్యాంకులు ఉంచడం అసలు వద్దు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిన ఫోన్ వస్తే తీసుకోకండి. ఇంటికి కబురు చేసి పెద్దవాళ్లను వచ్చి పట్టుకెళ్లమనండి.

పొద్దున, సాయంత్రం

ప్రేయర్‌కు ముందు పది నిమిషాలు చాలు. పిల్లాడు తన చేత్తోనే ఫోన్ స్విచాఫ్ చేయాలి. సైలెంట్ సరిపోదు, ఏరోప్లేన్ మోడ్ కూడా సరిపోదు, ఎందుకంటే అందులో పెట్టినా అలారం మోగుతుంది. ఆపాడో లేదో తెలియాలంటే పక్క బటన్ ఒక్కసారి నొక్కండి, స్క్రీన్ వెలగకూడదు. తర్వాత ఫోన్ సంచిలోకి, సంచి పెట్టెలోకి, రిజిస్టర్‌లో టిక్కు. చివర్లో టీచర్ టిక్కులు, సంచులు లెక్కపెట్టి, రెండూ సరిపోయాకే తాళం వేయాలి.

పద్ధతి చెడేది ఎక్కువగా సాయంత్రమే. లాంగ్ బెల్ కొట్టాక 120 మంది ఒకే ఆఫీసు కిటికీ దగ్గర మూగితే, ఒక్కొక్కరికి 10 సెకన్లు వేసుకున్నా 20 నిమిషాలు. 4:20 బస్సు పోతుంది. మర్నాటి నుంచి ఆ బస్సు పిల్లలెవరూ ఫోన్ అప్పగించరు, బ్యాగులోనే దాచుకుంటారు. అందుకే పంపకం సెక్షన్ల వారీగా, చివరి పీరియడ్ ముగియడానికి ఐదు నిమిషాల ముందు క్లాసులోనే మొదలవ్వాలి. బస్సు పిల్లలకు ముందు ఇవ్వండి. ఇచ్చినా గేటు దాటాకే ఆన్ చేయాలి. ఈ ఒక్క నియమం దగ్గర మెతక పడితే బడి మెట్ల మీదే రీల్స్ మొదలవుతాయి.

రెండో వారానికల్లా డమ్మీ ఫోన్లు దిగుతాయి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ సంచిలో వేసి, అసలుది జేబులో ఉంచుకుంటారు. స్విచాఫ్‌లో ఉన్న ఫోన్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పైకి తెలియదు. ఐఎంఈఐ రాయించింది ఇందుకే. వారానికోసారి, రోజు ముందే చెప్పకుండా, ఏవైనా ఐదు ఫోన్లు వాటి పిల్లల చేతే ఆన్ చేయించి *#06# నొక్కించండి. రిజిస్టర్‌తో పోల్చిచూడండి. అసలు ఆన్ కాకపోతే అదే జవాబు. స్మార్ట్‌వాచీలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. వాటిని చాలామంది మరిచిపోతారు, పిల్లలు మాత్రం మరిచిపోరు.

ఫోన్ పట్టుబడితే

పిల్లాడి ముందే స్విచాఫ్ చేయించి, కవర్లో పెట్టి అంటించి, పైన తేదీ, టైము, సంతకాలు వేయించండి. అదే రోజు ఇంటికి ఫోన్ చేసి, వచ్చిన తల్లికో తండ్రికో ఇచ్చేయండి. జరిమానాలు, పరీక్షలయ్యేదాకా ఉంచేసుకోవడం, అందరి ముందూ నేలకేసి కొట్టడం లాంటివి చేస్తే తప్పు పిల్లాడి మీద నుంచి బడి మీదికి మారిపోతుంది. వెతకాల్సి వస్తే బ్యాగు వరకే, ఇద్దరు టీచర్ల ఎదుట. ఆడపిల్లల బ్యాగు మేడమే చూడాలి. జేబులో ఉందనిపిస్తే పిల్లల్నే బయటికి తీయమనండి, ఒంటిమీద చెయ్యి వేయొద్దు.

ఫోన్ లాక్ తీసే ప్యాటర్న్ అడగొద్దు, గ్యాలరీ తెరవొద్దు. పిల్లల అసభ్య ఫోటోనో వీడియోనో తిరుగుతోందని తెలిసినా 'సాక్ష్యం కోసం' అని మీ ఫోన్‌కు పంపించుకోవద్దు, హెడ్మాస్టర్‌కు ఫార్వర్డ్ చేయొద్దు. అలాంటివి పంపడం, దగ్గర ఉంచుకోవడం ఐటీ చట్టం 67బీ సెక్షన్ కిందా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కిందా నేరం కావొచ్చు, ఉద్దేశం మంచిదే అయినా మీరే చిక్కుల్లో పడొచ్చు. ఫోన్ ఆఫ్ చేసి కవర్లో పెట్టి, పోలీసులకు గానీ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పండి.

ఇంటి నుంచి ఫోన్ వస్తే

'అర్జంటుగా మాట్లాడాలంటే ఎలా?' అని తల్లిదండ్రులు అడిగేది న్యాయమైన మాటే. ఆఫీసులో ఎప్పుడూ ఛార్జింగ్ ఉండే ఒక కీప్యాడ్ ఫోన్ పెట్టి, ఎత్తడానికి ఇద్దరిని నియమించండి. అటెండర్ సెలవు పెట్టిన రోజున ఎవరూ ఎత్తలేదంటే నెల రోజులుగా సంపాదించిన నమ్మకం పోతుంది. ఆ నంబరు డైరీ అట్ట లోపల అతికించండి. ఫోన్ వచ్చిన టైము, మాట, ఎవరికి చేరవేశారు అన్నది ఒక పుస్తకంలో రాయాలి. 'సాయంత్రం అత్త వాళ్లింటికి వెళ్లు' లాంటివి ఇంటర్వెల్‌లో చెబితే చాలు, పాఠం ఆపక్కర్లేదు.

షుగర్ ఉన్న పిల్లలు పెట్టుకునే సెన్సర్ ఫోన్ యాప్‌లోనే రీడింగ్ చూపిస్తుంటే, చూపు లేని పిల్లలు ఫోన్ చదివి వినిపిస్తే పాఠం అందుకుంటుంటే, ఆ ఫోన్లు పెట్టెలోకి వెళ్లకూడదు. డాక్టర్ కాగితం ఫైల్లో పెట్టుకుని, ఆ సెక్షన్‌కు వెళ్లే టీచర్లందరికీ ముందే చెప్పండి. లేకపోతే కొత్తగా వచ్చిన సారు లాక్కుంటారు.

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి కదా, ఫోన్ లేకపోతే ఎలా అంటారు కొందరు. ఆ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే దీక్షా యాప్ వీడియోను టీచర్ ఒకసారి డిజిటల్ ప్యానెల్ మీదో ప్రొజెక్టర్ మీదో వేస్తే క్లాసంతా చూస్తుంది.

టీచర్లు మార్చుకోవాల్సిన అలవాటు ఇంకోటుంది. హోంవర్క్ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో పెడితే, పగలు పెట్టెలో పెట్టించిన ఫోన్‌ను రాత్రి మీరే పిల్లాడి చేతికిచ్చినట్టు. హోంవర్క్ బోర్డు మీద రాసి, డైరీలోకి ఎక్కించాకే పీరియడ్ వదలాలి. గ్రూపును ఫీజు తేదీలకు, సెలవు కబుర్లకు ఉంచండి, అదీ అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చి.

ఈ పద్ధతి మొదలుపెట్టాలంటే జూన్‌లో బడులు తెరిచిన వారమే సరైన సమయం. మధ్యలో పెట్టాల్సి వస్తే దసరా సెలవుల తర్వాత, ముందు 9వ తరగతి ఒక్క సెక్షన్‌లో రెండు వారాలు నడిపి, సాయంత్రం పంపకానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసుకుని, ఆ తర్వాత మిగతా సెక్షన్లకు ట్రంకు పెట్టెలు కొనండి.