హెల్మెట్ మీద స్టిక్కర్ జిగురా? ఆ పెట్రోలు గుడ్డ పక్కన పెట్టండి

"పెట్రోలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే జిగురు మాయం" అనే చిట్కా ఫోన్లలో తెగ తిరుగుతోంది. గాజు సీసాకైతే ఏమీ కాదు. హెల్మెట్‌కి మాత్రం జిగురుతో పాటు బలమూ పోతుంది.

మనం వాడే హెల్మెట్లలో చాలావాటికి పై డిప్ప ఏబీఎస్ లేదా పాలికార్బొనేట్ ప్లాస్టిక్. లోపల దెబ్బను తాను నలిగి ఆపేది థర్మోకోల్. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ ఈ ప్లాస్టిక్‌లను తినేస్తాయి. అంచు నుంచి లోపలికి జారిన నాలుగు చుక్కలు చాలు, థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది.

అసలు చిక్కేంటంటే, చాలాసార్లు పైకి ఏమీ కనబడదు. మెరుపు అలాగే ఉండొచ్చు. బెల్టు రివెట్లు, వైజర్ (ముఖం ముందుండే అద్దం) స్క్రూల దగ్గర ప్లాస్టిక్ ముందే బిగువు మీద ఉంటుంది కాబట్టి సన్నటి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. "తుడిచాను, ఏమీ కాలేదు" అనుకోవడమే అందరూ చేసే తప్పు.

మరి ఎలా తీయాలి? ముందు స్టిక్కర్‌ని మెత్తబరచండి. హెయిర్ డ్రైయర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా అర నిమిషం. చేతికి చురుక్కుమంటే ఆపేయండి. మూల పట్టుకుని, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగండి. మిగిలిన జిగురు మీద సెల్లోటేపు అంటించి పీకితే సగం దాంతోనే వచ్చేస్తుంది. తక్కినదానికి దూదితో రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచి, పాత ఏటీఎం కార్డు అంచుతో నెట్టండి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో నూనె జిడ్డు పూర్తిగా తుడవండి. మొండి జిగురైతే ఇదే రెండోసారి. ఓపికే మందు.

ఇక ఇవి:

- పెట్రోలు వద్దు. కిరోసిన్ వద్దు. థిన్నర్ అసలే వద్దు.
- నూనె రాసి రాత్రంతా వదిలేయకండి. ఎక్కువసేపు నానితే కొన్ని ప్లాస్టిక్‌లకు నూనె కూడా పడదు.
- బ్లేడు, స్టీలు పీచు, పళ్లపొడి వద్దు.
- వైజర్‌కి సబ్బు నీళ్లు తప్ప ఇంకేదీ తగలనివ్వకండి.
- స్పిరిట్ కూడా హెల్మెట్‌కి వద్దు.
- ఐఎస్ఐ గుర్తున్న స్టిక్కర్ పీకకండి.
- మెకానిక్ తుడిచిస్తానన్నా ఇవ్వకండి. అతని గుడ్డలో ఉండేది పెట్రోలే కావచ్చు.
- ఇప్పటికే పెట్రోలు వాడేశారా? లోపలి బట్ట తీసి థర్మోకోల్ చూడండి. గుంట పడినా, రివెట్ల చుట్టూ తెల్లటి గీతలున్నా కొత్తది కొనండి. ఏమీ కనబడకపోయినా ఆ హెల్మెట్‌ని నమ్మలేం. కొనాల్సిందే.